కిలో బీఫ్‌కి 15 వేల లీటర్ల నీళ్ళు: నిజమా, ఉత్తదా? (పశువులు, కోళ్ళు పెంచినవాళ్ళు కూడా చెప్పండి)

తొమ్మిదోతరగతి_నాన్న
మా అమ్మాయి బళ్ళో ఏదో సైన్స్ ప్రాజెక్టు చేసింది. ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం అంటించింది: "కిలో బీఫ్ = 15,415 లీటర్లు". కింద రెండు గీతలు కూడా. ఆ రోజు నుంచి మాంసం ముట్టట్లేదు. నేను ముక్క వేసుకుంటే పక్కన కూర్చుని బకెట్ల లెక్క చెప్తోంది. మూడు సంగతులు తేల్చండి. ఒకటి, ఈ అంకె నిజమా? రెండు, ఎర్ర మాంసం మానేసి కోడికి మారితే చెప్పుకోదగ్గ తేడా ఉంటుందా? మూడు, పెంచినవాళ్ళు కళ్ళారా చూసిందేంటి? నెట్‌లో ఉన్నది అతికించకండి, అది నేనూ చదవగలను.

పొట్టుమీద_కోడి
మొదటి రెండూ నాకొద్దు, మూడోది చెప్తా. పదకొండేళ్ళుగా బ్రాయిలర్లు. రెండు షెడ్లు, ఒక్కోదాంట్లో అయిదు వేలు. చూడటానికొచ్చినవాళ్ళు నిలబడి "అబ్బే, పెద్ద వాసనేం లేదే" అంటారు. మోకాళ్ళ మీద కూర్చుని కోడి ఎత్తుకి మొహం పెట్టి చూడండి. అయిదు నిమిషాల్లో కళ్ళు మండి నీళ్ళు కారతాయి. అమ్మోనియా అంతా కిందే ఉంటుంది. కోళ్ళు నీళ్ళు తాగే నిపుల్ ఒక్కటి కారినా దాని కింద లిట్టర్, అంటే రెట్టతో కలిసిన పొట్టు పరుపు, తడిసి అట్ట కట్టేస్తుంది, కాలితో తంతే పెచ్చులుగా లేస్తుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. మొదటి రెండేళ్ళు బ్యాచ్ దిగగానే లిట్టరంతా షెడ్డు వెనక కుప్ప పోయించా, పైన పట్టా కూడా కప్పలేదు. ఒక్క పెద్ద వానకి అదంతా పల్లానికి జారింది. కింద చిన్న కుంట ఉండేది. పది రోజుల్లో పచ్చటి నాచు, ఆ తర్వాత వారానికి చేపలు తెల్లగా తేలాయి. కుంటలో చేపలు వదిలినాయన నా గేటు దగ్గరకొచ్చి అరవలేదు, ఊరికే నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

లెక్క_తేలాలి
మొదటి ప్రశ్నకి. అంకె నిజమే, కానీ ఫ్రిజ్ మీద సగమే రాశారు. అది నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీకి చెందిన మెకోనెన్, హుక్‌స్ట్రా కట్టిన ప్రపంచ సగటు. ఆ 15,415లో 14,414 లీటర్లు "పచ్చనీరు", అంటే గడ్డి మీద, మేత పంట మీద పడిన వాన. చెరువులోంచో బోరులోంచో తీసిన "నీలినీరు" 550 మాత్రమే. మిగతా 451 "బూడిదనీరు", అంటే మురికిని పలచబరచడానికి పట్టే నీళ్ళ లెక్క. కాబట్టి పాపకి చెప్పండి, మీరు ముక్క తింటే ఎవరి బోరూ 15 వేల లీటర్లు ఎండిపోదు.

చెట్టు_నాటినోడు
"మాత్రమే" అట! వాన ఊరికే వచ్చింది కాబట్టి లెక్కలోకి రాదా? ఆ వాన పడిన నేల మీద అడవి ఉండొచ్చు, మనుషులు తినే పంట ఉండొచ్చు. ఇలాంటి లెక్కలతోనే అమెజాన్ అడవిని నరికి పశువుల బీళ్ళు చేశారు. అక్కడ అడవి పోవడానికి మొదటి కారణం పశువుల మేపే.

లెక్క_తేలాలి
నేను అమెజాన్ గురించి ఒక్క మాటన్నానా? అడిగింది నీళ్ళ అంకె. నేల లెక్క వేరే, అది వేరేగా అడగండి.

చెట్టు_నాటినోడు
నేలా నీళ్ళూ వేరెలా అవుతాయి సార్? వాన ఆకాశంలోనే ఆగిపోతుందా?

నవ్వులపాలు
నాకు తెలిసిందల్లా ఆవులు పిత్తితే భూమి వేడెక్కుతుందని 😂 ఒక్కో ఆవుకీ ఒక సైలెన్సర్ బిగిస్తే సరి.

డాక్టర్_పశువైద్యం
ఇరవై రెండేళ్ళుగా పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. కనీస జ్ఞానం లేకుండా చర్చలు పెట్టడం చూస్తే బాధేస్తోంది. పిత్తు కాదు, త్రేన్పు. నెమరువేసే పశువు వదిలే మీథేన్‌లో దాదాపు 95 శాతం నోటి నుంచే వస్తుంది. మొదటి పొట్టలో, అంటే రూమెన్‌లో, పీచు పులుస్తుంది. అక్కడ పుట్టిన హైడ్రోజన్‌ని కొన్ని సూక్ష్మజీవులు మీథేన్‌గా మారుస్తాయి. అది బయటికి రాకపోతే పశువు ఎడమ డొక్క ఉబ్బుతుంది, మీరు అర్ధరాత్రి నాకు ఫోన్ చేస్తారు. కోడికీ పందికీ ఆ పొట్ట లేదు. వాటి మాంసానికి ఈ వాయువుల లెక్క తగ్గడానికి ఒక పెద్ద కారణం అదే. ఇదంతా రైతుకీ నష్టమే. తిన్న మేతలోని శక్తి కొంత గ్యాసై గాల్లో కలుస్తోంది కదా. 3-ఎన్‌ఓపీ అనే మందు దాణాలో కలిపితే పాడి పశువుల్లో మీథేన్ సుమారు 30 శాతం తగ్గింది. ఆస్పరగాప్సిస్ అనే, సముద్రంలో పెరిగే ఎర్రటి నాచుతో కొన్ని ప్రయోగాల్లో 80 శాతం పైనే తగ్గింది.

నవ్వులపాలు
సారీ డాక్టర్ గారూ, సైలెన్సర్ ముందువైపు బిగిద్దాం.

మేకలోడు
ఏం మాట్లాడుతున్నరన్నా మీరంతా. నాకు అరవై మేకలున్నయి. పొద్దుగాల ఇడిస్తే ముండ్లు తింటయి, ఎండుటాకు తింటయి, మనిషి నోట్లె పెట్టుకోనివన్నీ తింటయి. గింజ గూడ ఎయ్య. ఇందుల పర్యావరణానికి నేను చేసిన పాపమేంది? ఏసీ కార్లల్ల తిరిగేటోళ్ళు నా మేకను లెక్కబెడుతున్నరు.

లెక్క_తేలాలి
మేకలోడు అన్న మాటలో నిజముంది. ప్రపంచం మొత్తమ్మీద పశువులు, కోళ్ళు తినే మేతలో 86 శాతం మనుషులు తినలేనిదేనని 2017లో ఎఫ్‌ఏఓ, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, వాళ్ళ అధ్యయనమే చెప్పింది. గడ్డి, చొప్ప, చెక్క, తవుడు లాంటివి.

చెట్టు_నాటినోడు
మళ్ళీ సగం లెక్క! బరువులో 86 శాతం, సరే. మిగతా 14 ఎంత నేల మింగుతోందో? ప్రపంచంలో పండే సోయాలో మూడొంతులకు పైగా మేతకే పోతోంది. 2018లో పూర్, నెమెచెక్ అనే పరిశోధకులు దాదాపు 38,700 పొలాల వివరాలు పోగేసి చూశారు. మాంసం, పాలు, గుడ్లు, చేపల పెంపకం కలిపి సాగునేలలో 83 శాతం తీసుకుని, మనకిచ్చేది కేలరీల్లో 18 శాతం, ప్రోటీన్‌లో 37 శాతం. మేకలన్నా, నీ అరవై మేకల మీద నాకు కోపం లేదు. నీ మేకని అడ్డం పెట్టుకుని వేలకొద్దీ పశువుల్ని ఒక్కచోట కట్టేసేవాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళ మీద ఉంది.

లెక్క_తేలాలి
నేను ఎవరి తరఫునా మాట్లాడట్లేదు. మాటలు జాగ్రత్త.

ఆకుకూర_జీవి
ఇదంతా చూస్తుంటే నవ్వొస్తోంది. పుట్టినప్పటి నుంచి మాంసం ముట్టలేదు, గుడ్డు కూడా. నాకు ఏ పాపమూ అంటదు. మీరు కొట్టుకోండి, నేను చీజ్ శాండ్‌విచ్ తింటూ చదువుతా.

పొట్టుమీద_కోడి
ఆ చీజ్ ఎక్కణ్ణుంచి వచ్చింది తల్లీ, చెట్టుకి కాసిందా? పాలిచ్చే పశువు కూడా త్రేన్చుతుంది. పైన చెప్పిన 2018 లెక్కలోనే కిలో చీజ్‌కి సుమారు 24 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు, నా కోడికి 10. కిలోకి కిలో చూస్తే నా షెడ్డు కంటే మీ శాండ్‌విచ్చే బరువు.

ఆకుకూర_జీవి
కిలో కోడి తినేవాళ్ళున్నారు, కిలో చీజ్ ఎవరైనా ఒక్క పూట తింటారా? పోలికేంటి అసలు.

పన్నుల_పద్దు
ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయో ఎవరూ అడగలేదు గానీ చెప్తా. డెన్మార్క్ 2030 నుంచి పశువుల ఉద్గారాల మీద పన్ను వేయబోతోంది, 2024లో ఒప్పందం కుదిరింది. న్యూజీలాండ్ 2022లో త్రేన్పుల పన్ను అంటూ మొదలుపెట్టి, రైతులు ట్రాక్టర్లతో రోడ్డెక్కాక, ప్రభుత్వం మారాక 2024లో వదిలేసింది. దీని మీద మీరేమంటారు?

నెమరు
అసలు మనుషుల వల్ల వచ్చే, భూమిని వేడెక్కించే వాయువుల్లో పశువుల వాటా ఎంతన్న శాతాలే ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. ఎఫ్‌ఏఓ 2006లో 18 శాతం అంది, 2013లో 14.5 అంది, 2023లో 12 దగ్గర ఆపింది. మధ్యలో 2009లో ఇద్దరు ఏకంగా 51 అని రాశారు. ఇంకో పదేళ్ళకి సున్నా అంటారేమో.

చెట్టు_నాటినోడు
అంకె తగ్గిందంటే పశువులు తగ్గాయని కాదు, లెక్క కట్టే పద్ధతి మారింది. ఆ 51ని చాలామంది శాస్త్రవేత్తలే ఒప్పుకోలేదు. నేనూ దాన్ని వాడను.

లెక్క_తేలాలి
ఈ ఒక్క విషయంలో చెట్టుగారితో ఏకీభవిస్తున్నా. ఇంకో మెలిక కూడా ఉంది. 2006 రిపోర్టు పశువులు రవాణా కంటే ఎక్కువ పాడుచేస్తున్నాయంది కదా, అక్కడ పశువుల వైపు మేత పంట నుంచి మొదలుపెట్టి అంతా కూడారు, బండ్ల వైపు పొగగొట్టంలోంచి వచ్చేది మాత్రమే తీసుకున్నారు. కాలిఫోర్నియా ప్రొఫెసర్ మిట్లోనర్ ఎత్తిచూపితే, పోలిక సమంగా లేదని రాసినవాళ్ళలో ఒకరు ఒప్పుకున్నారు.

డాక్టర్_పశువైద్యం
మీథేన్ సుమారు పన్నెండేళ్ళలో చాలావరకు పోతుంది. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్ళు ఉంటుంది. మందల సంఖ్య పెరగకపోతే కొత్తగా వేడి పెద్దగా పెరగదు. ఇంత చిన్న విషయం కూడా తెలియకుండా ఇక్కడ...

చెట్టు_నాటినోడు
డాక్టర్ గారూ, పెరగకపోతే కదా! ప్రపంచంలో మాంసం ఉత్పత్తి అరవై ఏళ్ళుగా పెరుగుతూనే ఉంది. పైగా కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే మీథేన్ దెబ్బ వందేళ్ళ లెక్కలో 28 రెట్లయితే, ఇరవై ఏళ్ళ లెక్కలో 80 పైన. తొందరగా పోతుందంటే తగ్గిస్తే తొందరగా ఫలితం వస్తుందని. అది తగ్గించడానికి కారణం, వదిలేయడానికి కాదు. మీ ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇది చెప్పలేదా ఎవరూ?

డాక్టర్_పశువైద్యం
సంస్కారం లేని చోట మాట్లాడను. సెలవు.

అడ్మిన్
సర్వీసుల మీద, డిగ్రీల మీద వ్యాఖ్యలు వద్దు. రెండు పోస్టులు తీసేశాను. అవి ఎవరివో వాళ్ళకి తెలుసు.

మేకలోడు
డాక్టర్ సార్ పోకండి. మా మేకకు రెండు దినాల నుంచి నోట్లె పుండ్లు, మేత ముడుతలేదు, ఏం జెయ్యాలె?

డాక్టర్_పశువైద్యం
గాలికుంటో, పెదవుల మీద పొక్కుల జబ్బో అయి ఉండొచ్చు. ముందు దాన్ని మందలోంచి విడదీయి. ముట్టుకున్నాక చేతులు కడుక్కో, పొక్కుల జబ్బయితే మనుషులకీ అంటుతుంది. ఇక్కడ అడగడం కాదు, దగ్గర్లోని డాక్టర్‌కి ఇవాళే చూపించు. దిగులు పడకు.

తొమ్మిదోతరగతి_నాన్న
నా రెండో ప్రశ్న గాల్లోనే ఉంది. కోడికి మారితే తేడా ఉందా లేదా?

లెక్క_తేలాలి
ఉంది. 2018 లెక్కలో కిలోకి వచ్చే వాయువులు, మాంసం కోసమే పెంచిన పశువుది 99 కిలోలు, పాడి మందల నుంచి వచ్చే మాంసానిది 33, గొర్రె 40, పంది 12, కోడి 10, గుడ్లు 5 లోపు, బఠానీ 1. ఇవన్నీ సగటులే. మంచి పొలానికీ చెడ్డ పొలానికీ మధ్య దూరం చాలా ఎక్కువ. ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దాని కంటే ఏం తిన్నామన్నదే పెద్దది, రవాణా వాటా చిన్నదే.

పొట్టుమీద_కోడి
ఆ 10 చూసి సంబరపడకండి, కోళ్ళవాణ్ణి నేనే చెప్తున్నా. గ్యాసు లెక్కలో నేను గెలుస్తా. కిలో ఆరువందల మేతకి కిలో బరువొస్తుంది, పశువుకి ఇందులో ఎన్నో రెట్లు కావాలి. కానీ ఒక్క పశువు మాంసానికి బదులు వంద పైచిలుకు కోళ్ళు పోవాలి. మేతలో సోయా ఎక్కణ్ణుంచో ఓడలో రావాలి. ఒక బ్యాచ్‌లో తుమ్ములు మొదలైతే అయిదు వేల కోళ్ళకీ నీళ్ళలో మందు కలుపుతాం, జబ్బుపడ్డ ముప్ఫైకి విడిగా ఇవ్వడం కుదరదు. ఆ మందు లిట్టర్‌లోకి పోతుంది, లిట్టర్ పొలంలోకి పోతుంది. ఇది ఏ కిలోల లెక్కలో ఉంది?

పాడి_గుంత
గ్యాసంటే గుర్తొచ్చింది, ఇది వాతావరణం సంగతి కాదు గానీ చదవండి. మాది నూట ఇరవై పశువుల డెయిరీ. పేడనీళ్ళన్నీ ఒక గుంతలోకి పోతాయి. పోయినేడు పొలానికి తోడే ముందు గుంత కలియబెడుతుంటే కుళ్ళిన గుడ్ల వాసన గుప్పుమంది. మా కుర్రాడు పక్కకి తప్పుకున్నాడు. కాసేపటికి వాసన పోయిందని, పైపు మూతి దగ్గర చిక్కిన గోనెపట్టా తీయడానికి అంచున వంగాడు. అలాగే ముందుకి వాలిపోయాడు. నడుముకి తాడుంది కాబట్టి లాగాం. తర్వాత తెలిసింది, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతుందట. వాసన పోలేదు, వాడి ముక్కు పోయింది. గుంత కలపడం మొదలెట్టాక కనీసం అరగంట ఎవరూ దగ్గరికెళ్ళకండి, వాసన ఉన్నా లేకపోయినా. ఒకడు పడితే కాపాడాలని రెండోవాడు దూకకండి.

పొట్టుమీద_కోడి
గుంతకి పైన కప్పు వేసి గ్యాసు పట్టొచ్చుగా? పొయ్యికీ జనరేటర్‌కీ వస్తుంది.

పాడి_గుంత
వేయించా. పేడ మీథేన్ పట్టుకుంటుంది, మంచిదే. త్రేన్పు మాత్రం ఏ కప్పుకీ చిక్కదు.

పన్నుల_పద్దు
నా పోస్టు ఎవరికీ కనపడలేదా?

తొమ్మిదోతరగతి_నాన్న
పాపకి ఈ పేజీ అంతా చూపించా. 14,414 పక్కన పచ్చ పెన్ను, 550 పక్కన నీలి పెన్ను పెట్టి కాగితం కొత్తగా రాసింది. చెట్టు గారి వాదన కింద టిక్కు పెట్టింది, లెక్క గారి దాని కిందా పెట్టింది. మాంసం మాత్రం ముట్టట్లేదు. ఇప్పుడు చీజ్ మీద కూడా కాగితం వస్తుందేమోనని మా ఆవిడ భయం.

మేడమీద_తోట
ఇంత చదివాక ఒక్క డౌటు. పొట్టుమీద_కోడి గారూ, కోళ్ళ లిట్టర్ కుండీల్లో వేయొచ్చా? నిన్న ఒక సంచి తెచ్చా.

పొట్టుమీద_కోడి
పచ్చిది వేస్తే వేళ్ళు మాడిపోతాయి. తడిపి కుప్పేసి, పట్టా కప్పి, వారానికోసారి తిరగేస్తూ కనీసం మూడు నెలలు మాగనివ్వండి. కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి రావాలి. అది చల్లారి మట్టి వాసనొస్తే అప్పుడు వేయండి.

మేడమీద_తోట
మూడు నెలలా! సంచి బాల్కనీలో ఉంది, పక్కింటివాళ్ళు పొద్దుట్నుంచి రెండుసార్లు బెల్ కొట్టారు.

పొట్టుమీద_కోడి
ముందు మూతి కట్టండి.