గిన్నెలు తోమే నూలు గుడ్డ అల్లడానికి ఏ దారం మంచిది?

ప్రశ్న:
స్పాంజ్‌లు కొనడం మానేసి గిన్నెలకు, గట్టుకు గుడ్డలు నేనే అల్లుకోవాలని ఉంది. మా అత్తయ్య స్వెట్టర్లు అల్లిన 4 మి.మీ. సూదులు ఉన్నాయి. షాపులో అక్రిలిక్ ఊలే చూపిస్తున్నారు. పనికొస్తుందా? ఎన్ని కుట్లు వేసుకోవాలి?

జవాబు:
అక్రిలిక్ వద్దండీ. నీళ్లు పీల్చదు, బాగా వేడెక్కిన గిన్నె తగిలితే కరుగుతుంది. అచ్చమైన కాటన్ దారం అడగండి, అదీ మెరుపు లేని మామూలు రకం. మీ సూదులు సరిపోతాయి.

నేనైతే మూల నుంచి మొదలుపెడతాను. 4 కుట్లు వేసి, ప్రతి వరుసలో 2 అల్లి, దారాన్ని సూది మీదుగా ఒకసారి తిప్పి, మిగతావి మామూలుగా అల్లాలి. వరుసకు ఒక కుట్టు పెరుగుతుంది, అంచున అందమైన చిల్లులు వస్తాయి. 44 అయ్యాక తగ్గించాలి: 1 అల్లి, 2 కుట్లు కలిపి ఒకటిగా అల్లి, దారం తిప్పి, మళ్లీ 2 కలిపి అల్లి, మిగతావి మామూలుగా. 4 మిగిలాక ముగించండి. పర్ల్ కుట్టు (దారం ముందువైపు ఉంచి అల్లే తిరగేసిన కుట్టు) అక్కర్లేదు. రెండు వైపులా గరుకు గీతలు వస్తాయి, జిడ్డు వదిలించేది అవే. నాకు ఇంతకన్నా ఇష్టమైన అల్లిక లేదు!

ఇంకో జవాబు:
మాది నర్సాపురం వైపు, లేసు అల్లే ఊళ్లు కాబట్టి ఇక్కడ చేతికి క్రోచెట్ సూదే (కొస కొక్కెంలా ఉండే ఒంటి సూది) అలవాటు. దాంతోనూ అల్లొచ్చు. కాకపోతే గుడ్డ మందంగా వస్తుంది, వానాకాలంలో తొందరగా ఆరదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఉతికితే పాడవదు కదా?

జవాబు:
మొదటిసారి కాస్త కుంచించుకుపోతుంది, టెన్షన్ పడకండి. ముదురు రంగులు విడిగా ఉతకండి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం వేయొద్దు, నీళ్లు పీల్చడం తగ్గిపోతుంది.