తేలే మాత్ర: బీకరులో తేలితే కడుపులో నిలిచినట్టేనా?

ఎంఫార్మ్_కుర్రాడు: షుగరు మందు మెట్‌ఫార్మిన్‌తో ఫ్లోటింగ్ టాబ్లెట్ (కడుపులో తేలుతూ ఆగాల్సిన మాత్ర) మీద ప్రాజెక్టు చేస్తున్నాను. జెల్లు కట్టే పాలిమర్ హెచ్‌పీఎంసీ కె100ఎం, గ్యాస్ పుట్టించి తేల్చడానికి సోడియం బైకార్బనేట్, సిట్రిక్ యాసిడ్. కడుపులోని ఆమ్లానికి బదులు బీకరులో పోసిన 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే నిమిషం లోపే పైకి లేస్తోంది, 12 గంటలు తేలుతోంది. మా సీనియర్ మాత్రం ఇదంతా దండగ అంటున్నాడు. నిజమేనా?

గుళికరాజు: దండగే. బీకరుకి పైలోరస్ (కడుపు నుంచి పేగులోకి తెరుచుకునే ద్వారం) ఉందా? పరగడుపున కడుపు గంటన్నర, రెండు గంటలకోసారి లోపలున్నదంతా పేగులోకి ఊడ్చేస్తుంది. ఆ ఊపులో తేలేదైనా ఒకటే, మునిగేదైనా ఒకటే.

లతక్క: అందుకే భోజనంతో వేసుకోమంటారు. తిన్న కడుపులో ఆ ఊపు రాదు. పైగా మెట్‌ఫార్మిన్ చిన్నపేగు పైభాగంలోనే ఎక్కువగా రక్తంలోకి వెళ్తుంది. మాత్ర కడుపులో ఆగి కొంచెం కొంచెంగా వదిలితేనే మేలు. రోష్ వాళ్ల పార్కిన్సన్ జబ్బు మందు మడోపార్ హెచ్‌బీఎస్ తేలే క్యాప్సూలే కదా, అదీ దండగేనా?

గుళికరాజు: మనిషి పడుకుంటే? నిలబడి ఉన్నప్పుడు తేలే మాత్ర పైలోరస్‌కి దూరంగా ఉంటుంది. పడుకున్నాక ఆ రక్షణ ఉండదు. దీనికి జవాబు చెప్పండి మేడం.

లతక్క: రాత్రి వేయకుండా పగలు వేయండి.

చిట్టిబాబు: మా నాన్న రోజుకొకటి వేసుకునే మెట్‌ఫార్మిన్‌ని రాత్రి భోజనంతోనే వేసుకోమన్నాడు డాక్టరు. తినగానే నడుం వాలుస్తాడు ఆయన.

గుళికరాజు: విన్నారా!

లతక్క: విన్నాను. తేలడం ఒక్కటే కాదు, ఉబ్బడం కూడా ఉంది. జెల్లు పట్టి పెద్దదైన మాత్ర తిన్న కడుపులోంచి అంత తేలిగ్గా జారిపోదు. మీరు పొద్దుటి నుంచీ పడుకోవడం దగ్గరే ఆగిపోయారు.

గుళికరాజు: ఆగక! నేనూ ఇదే ప్రాజెక్టు చేశాను. మందు మార్చు, హెచ్‌పీఎంసీలో కె4ఎం రకం తీసి కె15ఎం పెట్టు, ఇంకో పేపరు వేద్దాం, ఇదే మా గైడు వరస. ఇంటర్వ్యూలో "కడుపులో ఉందని ఎలా తెలుసు?" అనడిగితే నోరు పెగల్లేదు. ఉద్యోగం పోయింది.

లతక్క: అయితే మీ కోపం గైడు మీద, మాత్ర మీద కాదు. మాత్రలోంచి మందు ఎంత వేగంగా కరుగుతుందో చూసే డిసల్యూషన్ మెషీన్ తప్ప ఏమీ లేని కాలేజీలో, మాత్ర ఒంట్లో ఎక్కడుందో చూపే గామా కెమెరా పిల్లాడు ఎక్కడ తెస్తాడు? గ్రాన్యులేషన్ (పొడిని రేణువులుగా కట్టడం), హార్డ్‌నెస్ (మాత్ర గట్టిదనం), ఫ్రయబిలిటీ (మాత్ర ఎంత పొడి రాలుతుందో) చేత్తో నేర్చుకుంటాడు. నేను వీటితోనే ఉద్యోగం తెచ్చుకున్నాను.

గుళికరాజు: నేర్చుకోనివ్వండి, వద్దన్నానా? కానీ "కడుపులో నిలుపుదల సాధించాం" అని థీసిస్‌లో రాయించకండి. "బీకరులో 12 గంటలు తేలింది" అని రాయమనండి.

లతక్క: అలా రాస్తే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వైవాలో పాస్ చేస్తాడా?

గుళికరాజు: చేయకపోతే చేయడు! అబద్ధం రాయాలా?

ఎంఫార్మ్_కుర్రాడు: అన్నా, అక్కా, సినాప్సిస్ (ప్రాజెక్టు ప్రతిపాదన) ఇచ్చేశాను, ఇక మార్చలేను. ఎక్స్‌రేలో కనబడేలా మాత్రలో బేరియం సల్ఫేట్ కలిపి, కుందేలుకి వేసి ఎక్స్‌రే తీస్తే?

గుళికరాజు: బేరియం సల్ఫేట్ బాగా బరువు. కొంత మందు తీసి అది కలిపాక తేలుతుందో లేదో మళ్లీ చూసుకోవాలి. అయినా అది నీ మాత్రే అంటావా?

లతక్క: ముందు జంతువుల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి అర్జీ పెట్టు తమ్ముడూ. ఈయనతో తర్వాత తేల్చుకుందాం.