ఈ వారం సమస్య: చురుకు లేనివాడె చురుకువాడు

నిర్వాహకుడు (తిరుపతి): నిన్న సాయంత్రం మా మనవరాలు హోంవర్కు ముందేసుకోని, చురుకైనవాడు అనేదానికి ఇంగ్లీషులో ఐదు మాటలు రాయాలంట తాతా అనింది. నింబుల్, అజైల్, బ్రిస్క్, డెఫ్ట్, స్ప్రై అని టకటకా చెప్పేసినా. అన్నీ ఒకటే అయితే ఇన్నెందుకు తాతా అని ఒక్క ముక్క అడిగి నా నోరు మూయించింది. ఆ దెబ్బకి పుట్టిన పాదం ఇది, దీన్నే ఆఖరి పాదంగా పెట్టి ఆటవెలది పద్యం పూరించాల.

చురుకు లేనివాడె చురుకువాడు

షరతు ఒకటే, అట్లాంటి ఇంగ్లీషు మాట ఒకటి పూరణలో రావాల.

పలమనేరు పంతులు: అందుకోండి.

డెఫ్టు డాఫ్టు రెండు డింభకు లొకతల్లి
కడుపునందు పుట్టి కలిసి పెరిగె
తెల్లదొరల భాష తీరిది కనుగొంటి
చురుకు లేనివాడె చురుకువాడు

డెఫ్ట్ అంటే చేతిలో పనితనం ఉన్నోడు, డాఫ్ట్ అంటే మొద్దు. పాత ఇంగ్లీషులో రెండూ ఒకటే మాట, నెమ్మదస్తుడు, సాధువు అని అర్థం. ఆ నెమ్మదస్తుణ్ణే కొందరు పనికి కుదురైనోడు అన్నారు, కొందరు వట్టి అమాయకుడు అన్నారు, అట్ల పోయి పోయి మాట రెండుగా చీలిపోయింది.

చిత్తూరు చింతచెట్టు: బాగుంది పంతులుగారూ, ఈసారి డె-డిం యతి కూడా, అదే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం జోడీ, కుదిరింది. పోయిన ఉగాదికి 'డెఫ్టువాని యన్న డాఫ్టువాడు' అని డె కి డా తగిలించి మా మీదికి వదిలినారు కదా, దాన్నే ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చినట్టుండారు.

పలమనేరు పంతులు: అది టైపింగు పొరపాటు.

చిత్తూరు చింతచెట్టు: యతి తప్పడం టైపింగు పొరపాటు ఎట్ల అవుతాది సామీ? కీబోర్డుకి ఛందస్సు వచ్చునా?

నిర్వాహకుడు (తిరుపతి): 2022లో జిల్లాలు విడిపోయినా మీ ఇద్దరి పంచాయితీ మాత్రం విడిపోలా. ఉగాది సంగతి ఉగాదిలోనే వదిలేయండప్పా.

కొర్లగుంట కోడర్: అన్నా, మాది సాఫ్ట్‌వేర్ గోడు, నిలబడి గబగబా ముగించాల్సిన మీటింగు మీద.

నిలుచునట్టి మీటు నిమిషాలు పదిహేను
గంటదాక సాగె కాళ్ళు నొచ్చె
మాకజైలె యౌను మాటాడు మొనగాడు
చురుకు లేనివాడె చురుకువాడు

అజైలు జగణం కదా, పొట్టి-పొడుగు-పొట్టి అక్షరాల గుంపు, ఆటవెలదిలో ఏ మూల పెట్టినా తన్నుకోని బయటికొస్తా ఉండె, రెండు రాత్రులు నిద్రలేదు. ఆఖరికి 'మాకు' పక్కన పెట్టేసరికి అ ముందు గణంలోకి జారుకోని జైలు ఒంటరిగా నిలబడింది.

గాజులమండ్యం అక్క: తమ్ముడూ, మాకజైలు మాత్రం అదిరింది! మాకు అజైలు అని చదివినా సరే, మాక జైలు అని విరిచినా సరే, రెండూ మీ ఆఫీసే. మిగతా పద్యం మామూలే, 'మీటు' కొంచెం వీణ మీటినట్టు ఉండాది.

చిత్తూరు చింతచెట్టు: 2001లో అమెరికా యూటా మంచుకొండల్లో 17 మంది చేరి ఈ అజైల్ అనే సాఫ్ట్‌వేర్ పని పద్ధతి రాసుకున్నారు, పని తేలిగ్గా సాగాలనే కదా. మనోళ్ళు దాన్ని హరికథ చేసినారు. మరి నింబుల్ మీద ఎవురూ రాయరా?

పలమనేరు పంతులు: నింబులు భగణం, పొడుగు-పొట్టి-పొట్టి, ఆటవెలదిలో ఎక్కువగా వచ్చే చిన్న సూర్యగణాల్లో పట్టదు. బేసి పాదం చివర పెట్టుకోవాల, అప్పుడు జనం నింబమని వేపచెట్టు అనుకుంటారు.

శ్రీవారిమెట్టు: మా నాయన మీద రాసినా, తప్పులుంటే క్షమించండి.

ఎనుబదేండ్ల తాత యేడాది కొకసారి
కొండ కాలినడక గోవింద యనుచు
స్ప్రై యటంచు దొరలు పలికిన దతనినే
చురుకు లేనివాడె చురుకువాడు

స్ప్రై అని పాతికేళ్ళోణ్ణి అనరంట, వయసు మీద పడినా హుషారు తగ్గనోళ్ళనే అంటారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, మోకాళ్ళ పర్వతం దగ్గర మేమంతా కూలబడి సోడా తాగతా ఉంటే ఈయన కర్ర టక్కు టక్కుమనిపించుకుంటా, రెండు మెట్లకొకసారి ఆగతా, మమ్మల్ని దాటి పోయినాడు. మళ్ళీ పైన క్యూ దగ్గరే కనపడింది.

పలమనేరు పంతులు: భావం కంట నీళ్ళు పెట్టించింది నాయనా, కానీ రెండో పాదంలో అన్నీ సూర్యగణాలే రావాల, గోవింద తగణం, పొడుగు-పొడుగు-పొట్టి, ఎట్ల పడతాది?

శ్రీవారిమెట్టు: గోవిందుడి దగ్గర గణాలు లెక్కపెట్టకూడదనుకున్నా సామీ.

గాజులమండ్యం అక్క: 'కొండ నెక్కె మెట్లు కుదురుగాను' అనుకో నాయనా, గణాలూ సరిపోతాయి, మీ నాయన నడకా అందులోకి వస్తాది.

పలమనేరు పంతులు: సరిపోయింది, అయితే 'గాను' పక్కనే కింది పాదంలో స్ప్రై, అంత బరువైన సంయుక్తం ముందు ఆ 'ను' గురువు, అంటే పొడుగు అక్షరం, అయిపోదా?

గాజులమండ్యం అక్క: ఆ 'ను' వేరే మాటలోది, పైగా అచ్చతెలుగు మాట, గురువు కాదు. ఇది మనం ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం పంతులుగారూ.

చిత్తూరు చింతచెట్టు: ఇంక నాది.

మాడవీథి రాళ్ళు మండుచు నుండగా
గంతు లేసి రెల్ల కాలు కాలి
అలవికాని యెండ నాగక నడచిన
చురుకు లేనివాడె చురుకువాడు

మే నెల మిట్టమధ్యాన్నం కొండ మీద చెప్పుల్లేకుండా నడిచినోళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మొదటి చురుకు ఎండది, రెండోది మనిషిది.

పలమనేరు పంతులు: పద్యం బాగుంది. ఇంగ్లీషు మాట ఏదీ? షరతు చదివినారా, లేక చింతచెట్టు నీడలో కునుకు తీసినారా?

నిర్వాహకుడు (తిరుపతి): నిజమే, పంతులుగారు అన్నది నిజమే. ఇది లెక్కలోకి రాదు.

గాజులమండ్యం అక్క: ఆగండి ఆగండి. క్విక్ అంటే పాత ఇంగ్లీషులో ప్రాణం ఉన్నది అని అర్థం, వేగానికి ఆమాట తర్వాత వచ్చింది. పాదరసాన్ని వాళ్ళు క్విక్ సిల్వర్ అన్నది అందుకే, ప్రాణమున్న వెండి అని. మనమేమో కుదురులేని పిల్లోణ్ణి పాదరసం అంటాం. ఇంకోటి చూడండి, గోరు కింద ఉండే లేత కండని కూడా వాళ్ళు క్విక్ అనే అంటారు. పొద్దున పిల్లకి గోళ్ళు తీస్తా కొంచెం లోపలికి పోనిచ్చినా, బొటనవేలు పట్టుకోని చురుక్కుమనింది అమ్మా అని ఇల్లెగరగొట్టింది. ప్రాణం ఉన్నచోటే కదా చురుకు! మంటకీ తెలివికీ మనకి చురుకు ఒకటే మాట, కండకీ వేగానికీ వాళ్ళకి క్విక్ ఒకటే మాట. చింతచెట్టు ఆ క్విక్‌నే తెలుగు చేసి రెండుసార్లు పెట్టినాడు.

నిర్వాహకుడు (తిరుపతి): అక్కా, మా మనవరాలికి ఆరో మాట దొరికింది. చింతచెట్టు పూరణ లెక్కలోకి తీసుకుంటున్నా.

చిత్తూరు చింతచెట్టు: నేనేదో కాళ్ళు కాలి రాసినా అక్కా, ఇంత ఉందని నాకూ తెలీదు. అయినా సరే, అన్నీ తెలిసే రాసినానని రాసుకోండి.

పలమనేరు పంతులు: అట్లయితే నా డె-డా కూడా ప్రయోగమనే రాసుకోండి.