మొక్కకు ఇన్ని నీటి దారులు నిజంగా అవసరమా, లేక మిగిలిపోయిన నకళ్లా?

జన్యుబాట:
కణాల పొరల్లో నీళ్లను అటూ ఇటూ పోనిచ్చే ప్రోటీన్లు ఆక్వాపోరిన్లు. మనిషిలో వీటికి 13 జన్యువులు. ఆవాల కుటుంబానికి చెందిన చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో 35, వరిలో 33, సోయాచిక్కుడులో 66. "మొక్క కదల్లేదు, ఎండయినా వానయినా ఉన్నచోటే తట్టుకోవాలి, అందుకే ఇన్ని" అని క్లాసుల్లో చెబుతారు. నాకు ఈ మాట మింగుడుపడదు. సోయా పూర్వీకుల్లో మొత్తం జన్యుపదార్థమే సుమారు 5.9 కోట్ల ఏళ్ల కిందట ఒకసారి, 1.3 కోట్ల ఏళ్ల కిందట మరోసారి రెట్టింపయింది. ఆ ఊపులో వీటికీ నకళ్లు పడ్డాయి. ఇందులో అవసరం ఎక్కడుంది?

వరిమడి:
పడ్డాయి సరే, నిలిచాయెందుకండీ? రెట్టింపైన జన్యువుల్లో చాలావాటి నకళ్లు పాడై రాలిపోతాయి కదా. మడిలో దిగి కలుపు తీస్తే వరి ఆకు అంచు ముంజేతిని గీరేస్తుంది, సాయంత్రం చెమట తగిలితే భగ్గుమంటుంది. ఆ గరుకుదనంలో సిలికా ఉంది. మట్టిలోని సిలికాన్‌ను వేళ్లలోకి రానిచ్చే ఎల్ఎస్ఐ1 అనే ప్రోటీన్ ఆక్వాపోరిన్ల కుటుంబంలోదే. 2006లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. అది పాడైన వరికి తెగుళ్లు, పురుగులు ఎక్కువై దిగుబడి పడిపోయింది. ఇంత పని చేసేదాన్ని మిగులు సరుకు అంటే ఎలా?

జన్యుబాట:
ఎల్ఎస్ఐ1 సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒక్కదాన్ని చూపించి 33కీ సర్టిఫికెట్ ఇవ్వలేం. అదే దారిలో వరిలోకి ఆర్సెనిక్ కూడా వస్తోంది, దాన్నీ అవసరం అందామా? ఇంకోటి చూడండి. కణంలో రిక్తిక అనే నీటి సంచి పొరలో ఉండే టిప్1;1 అనే ఆక్వాపోరిన్‌ను అణిచేస్తే అరబిడాప్సిస్ చచ్చిపోయిందని 2004లో రాశారు. 2008లో వేరే బృందం దాన్నీ, దాని దగ్గరి చుట్టం టిప్1;2నీ రెంటినీ పనిచేయకుండా చేస్తే మొక్కలు దాదాపు మామూలుగానే పెరిగాయి.

మొలక:
ఇద్దరి మాటలూ చదివాక ఆగలేక రాస్తున్నాను. ఆ రెండింటికి తోడు టిప్2;1నీ తీసేస్తే పక్కవేళ్లు బయటికి రావడం ఆలస్యమైందని 2016లో తేలింది. అంటే పని ఉంది, ముగ్గురూ పంచుకుంటున్నారు. ఒకరు పడుకుంటే మిగతా ఇద్దరు లాక్కొస్తారు. మొక్కజొన్నలో అయితే పొత్తు ఇంకా స్పష్టం. దాని ఆక్వాపోరిన్లలో పిప్1, పిప్2 అని రెండు రకాలున్నాయి. పరీక్ష కోసం కప్ప అండంలోకి పిప్1 తయారీ సూచన మోసే ఆర్ఎన్ఏ ఒక్కటే ఎక్కించి పలచటి నీళ్లలో వేస్తే పెద్ద మార్పు కనబడదు. పిప్2 కలిపి ఎక్కిస్తే అండం గబగబా ఉబ్బుతుంది. పిప్2 తోడుంటేనే పిప్1 బయటి పొర దాకా చేరుతుంది. ఇలాంటి జోడీలో ఒకదాన్ని విడిగా పరీక్షించి "పనికిరాదు" అనడం అన్యాయం.

నాకు అసలు బాధ వేరే. జన్యువులు లెక్కపెట్టి, కరువులో నాలుగైదు ఎక్కువ పనిచేశాయని చూసి "కరువు కోసమే పెరిగాయి" అని రాసేస్తున్నారు. ఇప్పుడు చేస్తున్న పని వేరు, అప్పట్లో నిలిచిపోయిన కారణం వేరు. ఈ రెంటినీ కలిపేస్తే రేపు విత్తనం తయారుచేసేవాళ్లు తప్పు జన్యువు వెంట ఏళ్లు పోగొట్టుకుంటారు.

వరిమడి:
ఆ చివరి మాట నాకూ నచ్చింది, నేనూ తొందరపడ్డాను. మరి ఆక్వాపోరిన్లలోనే ఎక్స్ఐపీ అనే ఉపకుటుంబం సంగతేంటి? వరిలో, అరబిడాప్సిస్‌లో అది పూర్తిగా పోయింది, టమాటాలో, ద్రాక్షలో ఉంది. పోయిన మొక్కలు బతుకుతూనే ఉన్నాయి.

మొలక:
టమాటాలో వాటన్నిటినీ ఒకేసారి తీసేసి, కుండీలో కాకుండా పొలంలో, ఒక వేసవంతా పెంచి చూడాలండీ.