కీబోర్డు-మౌసా, కంట్రోలరా: ఏ ఆటకు ఏది?

హెడ్‌షాట్‌ఓన్లీ:

సూటిగా చెప్పేస్తా. పీసీలో ఆడేవాళ్ళకి కీబోర్డు, మౌస్ ఉంటే చాలు. కంట్రోలర్ దండగ. షూటర్లలో, అంటే తుపాకీ ఆటల్లో, కంట్రోలర్ వాళ్ళు నిలబడుతున్నారంటే అదంతా ఎయిమ్ అసిస్ట్ పుణ్యమే. సగం గురి సాఫ్ట్‌వేరే పెట్టేస్తుంటే అది పోటీ ఎలా అవుతుంది? స్ట్రాటజీ ఆటల సంగతి చెప్పనే అక్కర్లేదు. రేసింగ్ కూడా నేను ఆరో కీలతో హాయిగా ఆడుతున్నా. 1997లో క్వేక్ అనే షూటర్ టోర్నమెంట్ గెలిచి, ఆ ఆట తీసినవాళ్ళలో ఒకరైన జాన్ కార్మాక్ సొంత ఫెరారీని బహుమతిగా పట్టుకెళ్ళిన డెనిస్ ఫాంగ్, అదే మన థ్రెష్, ఆడింది కీబోర్డు, మౌస్‌తోనే. ఈ గొడవ ఆ రోజే తేలిపోయింది. కాదంటారా, కారణం చెప్పండి.

లేట్‌బ్రేకర్:

షూటర్ల వరకు మౌసే మేలు, అందులో మీతో పేచీ లేదు. కానీ అది ఎందుకు మేలో చూస్తే, మిగతా ఆటల్లో మీ వాదన నిలవదు.

మౌస్ ఎంత జరిపితే చూపు అంత తిరుగుతుంది. చెయ్యి ఆగితే చూపు ఆగుతుంది. కంట్రోలర్ మీద బొటనవేలితో వంచే కుడి స్టిక్ అలా పనిచేయదు. దాన్ని ఎంత వంచామన్నదాన్ని బట్టి చూపు తిరిగే వేగం మారుతుంది అంతే, ఎంత దూరం తిరగాలన్నది అది చెప్పదు. క్రాస్‌హెయిర్, అదే తెర మధ్యలోని గురి గుర్తు, శత్రువు మీదికి వచ్చిన క్షణంలోనే స్టిక్ వదలాలి. కాస్త లేటైతే దాటిపోతుంది. వెనక్కి తెస్తే ఈసారి ఇటు దాటుతుంది. దూరం లెక్కగా ఉండాల్సిన గురి, స్టిక్ మీద టైమింగ్ లెక్క అయిపోతుంది. ఎయిమ్ అసిస్ట్ వచ్చింది ఈ ఇబ్బంది తీర్చడానికే. 2001లో మొదటి హేలో కంట్రోలర్ మీద అంత బాగా నడిచిందంటే అందులో దాని పాత్ర చాలా ఉంది.

ఇప్పుడు రేసింగ్‌కి రండి. చక్రాలు లాక్ అవకుండా చూసే ఏబీఎస్, జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ రెండూ ఆపేసి ఒక ఇరుకు మలుపు తీసుకోండి. తిన్నటి రోడ్డు చివర బ్రేక్ గట్టిగా వేస్తారు. స్టీరింగ్ తిప్పడం మొదలెట్టాక ఆ బ్రేక్‌ని కొంచెం కొంచెంగా వదులుతూ రావాలి. వదలకపోతే ముందు చక్రాలు లాక్ అయి, కారు మలుపు తిరగకుండా నేరుగా వెళ్ళిపోతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ పావు వంతు, బయటికొస్తూ సగం, కారు నిటారుగా అయ్యాక పూర్తిగా. ఎంత నొక్కితే అంత పనిచేసే కంట్రోలర్ ట్రిగ్గర్ మీద ఇదంతా ఒక్క వేలి పని. మామూలు కీకి ఉన్నవి రెండే స్థితులు: నొక్కడం, వదలడం. సగం బ్రేక్ కావాలంటే కీని టకటకా కొడుతూ ఉండాల్సిందే.

మరి మీరు ఆరో కీలతో హాయిగా ఎలా ఆడుతున్నారు? ఆటే సాయం చేస్తోంది కాబట్టి. కీ నొక్కగానే చక్రాలు ఒక్కసారిగా చివరిదాకా తిరిగిపోకుండా చాలా రేసింగ్ ఆటలు స్టీరింగ్‌ని మెల్లగా తిప్పుతాయి. వేగంగా వెళ్తున్నప్పుడు ఇంకా తక్కువ తిప్పుతాయి. అదీ అసిస్టే కదా.

నడక కూడా అంతే. మొదటి స్ప్లింటర్ సెల్ పీసీకి వచ్చినప్పుడు, అడుగుల వేగాన్ని మౌస్ చక్రంతో మార్చుకునేలా పెట్టారు. కాపలావాడి వెనకాల చప్పుడు లేకుండా నడవాలి, కీకేమో అంత నెమ్మది తెలియదు, అందుకని ఆ చక్రం. స్టిక్ మీద అది బొటనవేలి వంపుతో అయిపోతుంది.

అందుకే జానర్ (ఆట రకం) పేరు చూసి తేల్చకండి అంటాను. ఆటలో ఎక్కువసేపు మీ చెయ్యి ఏం చేస్తోంది? ఒక చోటుని చూపిస్తోందా, ఒక మోతాదుని పట్టుకుని ఉంటోందా? మొదటిదైతే మౌస్. రెండోదైతే స్టిక్, ట్రిగ్గర్.

క్లిక్‌క్లిక్:

లేట్‌బ్రేకర్ గారి లెక్కకి ఒక సవరణ. ఎంత టైముందో కూడా చూడాలి.

పీసీ స్ట్రాటజీ ఆట స్టార్‌క్రాఫ్ట్‌ని 2000లో నింటెండో 64 కన్సోల్‌కి తెచ్చారు. యూనిట్లని బాక్స్ గీసి పట్టుకోవడం, గ్రూపులకు నంబర్లు ఇవ్వడం, మినీమ్యాప్ మీద నొక్కి అటు దూకడం, ఇవన్నీ సెకన్లలో చేయాల్సిన ఆట అది. స్టిక్‌తో కర్సర్ ఈడ్చుకుంటూ ఎక్కడికి పోతాం? 2009లో హేలో వార్స్ వాళ్ళు తెలివిగా ఆటనే కంట్రోలర్‌కి తగ్గట్టు కట్టారు. 2023లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఎక్స్‌బాక్స్‌కి వచ్చినప్పుడైతే, పల్లెవాళ్ళని ఏ పనికి పంపాలో ఆటే చూసుకునే ఏర్పాటు పెట్టారు. సాయం బాగుంది. కానీ నాకు ఆ ఆటలో ఇష్టమైన పనే అది, దాన్ని నా చేతిలోంచి తీసేస్తే ఎలా?

అదే వంతులవారీగా ఆడే టర్న్ బేస్డ్ ఆట అయితే తొందరేం లేదు. బాల్డర్స్ గేట్ 3లో కంట్రోలర్ పెట్టగానే స్క్రీనే మారిపోతుంది. స్పెల్స్ గుండ్రటి మెనూల్లోకి వెళ్తాయి, పాత్రని నేల మీద క్లిక్ చేసి పంపే బదులు స్టిక్‌తో నేరుగా నడిపిస్తాం. కథ చూడ్డానికి నాకు అదే నచ్చింది. యుద్ధం మొదలయ్యాక ఇన్వెంటరీ సర్దుకోవాల్సి వస్తే మాత్రం చెయ్యి మౌస్ మీదికే పోతుంది. ఒకే ఆటలో రెండూ వాడతాను.

డీప్యాడ్:

మీరిద్దరూ ఫైటింగ్ ఆటల్ని వదిలేశారు. అక్కడ చోటు చూపించేదీ లేదు, మోతాదూ లేదు. సరైన ఫ్రేమ్‌లో సరైన బటన్ పడాలి, అంతే. స్ట్రీట్ ఫైటర్‌లో హదోకెన్ అనే దెబ్బ వేయాలంటే కింద, కింద-ముందు, ముందు, ఆ వెంటనే పంచ్. తెర మీద సెకనుకి 60 ఫ్రేమ్‌లు, అంటే 60 బొమ్మలు. అనలాగ్ స్టిక్ వృత్తాకారంగా తిరుగుతుంది కాబట్టి మూలలు సరిగా తెలియవు, ముందుకు అనుకుంటే పైకి పోయి క్యారెక్టర్ గాల్లోకి ఎగురుతుంది. దిక్కుల బటన్లున్న డీ-ప్యాడ్ మేలు. కీబోర్డు ఇంకా మేలనే వాళ్ళున్నారు, వాళ్ళ మాటలో నిజముంది. ఇప్పుడు టోర్నమెంట్లలో కనిపించే లివర్‌లెస్ కంట్రోలర్లలో దిక్కులన్నీ బటన్లే. పద్ధతి చూస్తే అవి కీబోర్డుకి తమ్ముళ్ళు. సెలెస్ట్ లాంటి ప్లాట్‌ఫార్మర్లకీ, అంటే గెంతుతూ సాగే ఆటలకీ, ఇదే వర్తిస్తుంది. డ్యాష్ (ఒక్కసారిగా దూసుకెళ్ళడం) ఎనిమిది దిక్కులకే, కీలు హాయిగా సరిపోతాయి. ప్లాట్‌ఫార్మర్ కనగానే కంట్రోలర్ కొనమని కొత్తవాళ్ళకి చెప్పకండి.

సాయం అంటే ఎయిమ్ అసిస్ట్ ఒక్కటే అన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకో మాట. కౌంటర్-స్ట్రైక్‌లో పరిగెత్తుతూ కాలిస్తే గుండు ఎటో పోతుంది. కుడికి వెళ్తూ ఆగాలంటే కుడికి నడిపే డీ కీ వదిలి, ఎడమకి నడిపే ఏ కీని ఒక్కసారి తట్టాలి. అప్పుడు ఠక్కున ఆగుతాం, అప్పుడే కాల్చాలి. ఆ తట్టు ఎంతసేపన్నదే ఏళ్ళ తరబడి నేర్చుకునే విద్య. 2024లో కొన్ని కీబోర్డులు ఈ రెండు కీల మార్పిడిని తామే చూసుకోవడం మొదలుపెట్టాయి. ఆ ఆగస్టులో ఆ ఆట తీసిన వాల్వ్ తన అధికారిక సర్వర్లలో దాన్ని నిషేధించింది. కీబోర్డు వాళ్ళకీ సాయాలు దొరుకుతాయి అన్నా. హద్దు ఎక్కడ గీయాలన్నదే గొడవ.

హెడ్‌షాట్‌ఓన్లీ:

రేసింగ్ మాట ఒప్పుకుంటా. కానీ ఆ కీబోర్డు సాయాన్ని నిషేధించారు కదా, అదే నేను అడిగేది! ఎయిమ్ అసిస్ట్‌ని ఎందుకు వదిలేశారు?

క్రాస్‌హెయిర్ శత్రువు దగ్గరికి వచ్చినప్పుడు వేగం తగ్గించే రకం ఉంది, దాంతో నాకు ఇబ్బంది లేదు. రెండో రకం వేరు. దగ్గరి పోరులో శత్రువు పక్కకి గెంతితే, అతనితో పాటు చూపుని కూడా కొంత తిప్పేస్తుంది. మనిషి కన్ను చూసి, చెయ్యి కదిలేలోపు కొంత ఆలస్యం తప్పదు. సాఫ్ట్‌వేర్‌కి ఆ ఆలస్యం ఉండదు. మౌస్ వాడు ఎంత సాధన చేసినా ఆ తేడాని పూడ్చలేడు. ఏపెక్స్ లెజెండ్స్ అనే షూటర్‌లో 2024లో పీసీ లాబీల్లో (పీసీ వాళ్ళున్న మ్యాచుల్లో) ఎయిమ్ అసిస్ట్ బలం తగ్గించారు. సమస్య లేకపోతే ఎందుకు తగ్గిస్తారు? మేం రోజూ గంటలు గంటలు గురి సాధన చేయించే ఎయిమ్ ట్రైనర్‌లో కూర్చునేది ఇందుకా?

లేట్‌బ్రేకర్:

ఆ రెండో రకం మీద మీ కోపం న్యాయమే. దాన్ని నేను సమర్థించను. అయితే తీసేస్తే స్టిక్ వాళ్ళ గతేంటి అన్న ప్రశ్నకి జవాబు ఎప్పుడో ఉంది: జైరో, అంటే కంట్రోలర్ వంపుని పసిగట్టే సెన్సర్. 2015లో మొదటి స్ప్లటూన్‌లోనే కంట్రోలర్‌ని వంచి గురి పెట్టే పద్ధతి ఉంది. మణికట్టు ఎంత తిప్పితే చూపు అంత తిరుగుతుంది, మౌస్ లాగానే. స్టిక్‌తో సుమారుగా అటు తిరిగి, మిగిలిన చివరి జానెడు మణికట్టుతో సరిచేయాలి. అలవాటయ్యేదాకా చెయ్యి వణుకుతుంది, అలవాటయ్యాక అసిస్ట్ లేకుండా ఆడగలం. ఈ సెన్సర్ కొన్ని కంట్రోలర్లలోనే ఉండడం వల్ల, మామూలు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో అసలు లేనే లేదు, చాలామంది డెవలపర్లు దీని జోలికే పోవట్లేదు. నా కోపం అక్కడ.

అప్పటిదాకా ర్యాంక్డ్ ఆటలు (గెలుపోటములతో ర్యాంకు మారే పోటీలు) విడగొట్టాలి. హేలో ఇన్ఫినిట్ 2021లో వచ్చినప్పుడు కంట్రోలర్ వాళ్ళకి, మౌస్ వాళ్ళకి వేరు వేరు ర్యాంక్డ్ లాబీలు పెట్టింది. మిగతా ఆటలూ అలా చేస్తే ఈ తిట్లు సగం ఆగుతాయి.

నొప్పిచెయ్యి:

చాలాసేపటి నుంచి చదువుతున్నా. మీరంతా గెలుపు గురించే మాట్లాడుతున్నారు. నాకు మణికట్టు నొప్పి. మౌస్ పట్టుకుని కాసేపు ఆడితే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. కంట్రోలర్ అయితే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వెనక్కి ఆనుకుని ఆడతాను. గురి తప్పితే తప్పనీ. ఇంకా పెద్ద ఇబ్బంది ఉన్నవాళ్ళకి మైక్రోసాఫ్ట్ 2018లో అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది, దానికి బయటి స్విచ్‌లు, పెడళ్ళు తగిలించుకోవచ్చు. కాబట్టి ‘కంట్రోలర్ దండగ’ అన్న మొదటి మాట వెనక్కి తీసుకోండి బ్రో.

హెడ్‌షాట్‌ఓన్లీ:

దండగ అన్నమాట తీసేస్తున్నా అన్నా. ఎయిమ్ అసిస్ట్ గురించి అన్నది మాత్రం అలాగే ఉంటుంది.

సరే, కార్లతో ఫుట్‌బాల్ ఆడే రాకెట్ లీగ్ ఎవరి లెక్క కిందికి వస్తుంది? గాల్లో కారు ముక్కు ఎంత వంచాలన్నది మోతాదే, లేట్‌బ్రేకర్ లెక్కన స్టిక్ ఉండాలి. పైస్థాయిలో ఎక్కువమంది వాడేదీ కంట్రోలరే. కానీ కీబోర్డుతో ఆడే ప్రొఫెషనల్స్ కూడా ఉన్నారు.

లేట్‌బ్రేకర్:

అక్కడ మోతాదుని కీ తట్టే సమయంతో సంపాదిస్తారు. చిన్నగా తడితే కొంచెం వంపు, పట్టి ఉంచితే పూర్తి వంపు. పైగా బూస్ట్, జంప్ మౌస్ బటన్ల మీద ఉంటాయి కాబట్టి ఎడమ చేతి వేళ్ళు ఖాళీ. గాల్లో కారుని పక్కలకి దొర్లించే ఎయిర్ రోల్ లెఫ్ట్, ఎయిర్ రోల్ రైట్‌లకి విడివిడిగా కీలు పెట్టుకుని, ఒంటరిగా సాధన చేసే ఫ్రీప్లేలో ఆడి చూడండి. బంతిని గాల్లో మోసుకెళ్ళేటప్పుడు మీ తట్టులు ఎక్కడ తడబడుతున్నాయో ఇక్కడ రాయండి, నేను స్టిక్‌తో అదే పని చేసి చెబుతాను.