పక్కింటి అరిసెలు తిన్న మా యూత్ పాస్టర్ చేసింది తప్పా?

నాగావళి_గట్టు (రాయగడ, ఒడిశా):
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం యూత్ మీటింగ్‌లో మా యూత్ పాస్టర్ అన్నయ్య వాక్యం చెప్పకుండా తన వారం ఎలా గడిచిందో చెప్పాడు. కరెంటు బిల్లు లైన్లో ఒకడు మధ్యలో దూరితే నోటిదాకా బూతు వచ్చిందంట, మింగేసి ఇంటికొచ్చి అదే కోపం తమ్ముడి మీద చూపించాడంట, "ఆదివారం పాటలు పాడే నోరే కదా ఇది" అని సిగ్గేసిందంట. ఇంక లక్ష్మివారం సంగతి. మార్గశిరం కదా, ఒడియా ఇళ్ళల్లో మాణబసా అని లక్ష్మీదేవి పూజ, వాకిళ్ళ నిండా బియ్యప్పిండి ముగ్గులు. పక్కింటి మౌసీ స్టీలు పళ్ళెంలో అరిసా పిఠా నాలుగు తెచ్చింది, అంటే మన అరిసెలే. ఈయన తల వంచి ప్రార్థన చేసుకుని ఆవిడ ముందే ఒకటి తిన్నాడు, పళ్ళెం ఉత్తిగా ఇవ్వకూడదని అరటిపళ్ళు పెట్టి ఇచ్చాడు. "మన విశ్వాసం ఆ గుమ్మం దగ్గరే తెలుస్తుంది" అన్నాడు. ఇది విని మా అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మీరేమంటారు?

గుణుపూర్_పెద్దాయన:
బాబూ, ఇందులో అడగడానికి ఏటుంది. 1 కొరింథీ 10:28 తీసి చూడు. ఇది అర్పించింది అని ఎవరైనా చెప్తే తినొద్దని పౌలు రాసినాడు. పూజలో పెట్టినవి అని తెలిసీ తిన్నాడంటే అది గుమ్మం దగ్గర సాక్ష్యం కాదు, గుమ్మం దగ్గర పడిపోవడం. మా అమ్మ బాప్తిస్మం తీసుకున్న ఏడాది పుట్టింటివాళ్ళు ప్రసాదం పంపితే చేతులు జోడించి వద్దన్నాది. ఇరవై ఏళ్ళు ఆ గడప తొక్కనివ్వలేదు, వాళ్ళ నాన్న పోతే వీధిలో నిలబడి చూసొచ్చింది. ఇప్పుడు ఈ గుంటలు అరటిపళ్ళు ఇచ్చి పుచ్చుకున్నాం అంటే మా అమ్మ ఏడ్చింది ఊరికేనా?

తెలుగు_కుర్రోడు_77:
అరిసెల్లో నువ్వులు వేసారా లేదా అది చెప్పండి ముందు 😀

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
పెద్దాయన గారూ, మీ అమ్మగారి విషయం చదివి మనసు బాధపడింది. కానీ 28 ఒక్కటే చదివితే ఎలా అండి, 27లో అవిశ్వాసి భోజనానికి పిలిస్తే ఏం పెట్టినా అడగకుండా తినమన్నాడు, 29లో మనస్సాక్షి అంటే నీది కాదు ఎదుటివాడిది అన్నాడు. 2008లో కంధమాల్‌లో క్రైస్తవుల మీద గొడవలప్పుడు మా వీధిలో కూడా అందరికీ భయమే, మా పక్కింటి ఒడియా ఆంటీ మా అక్కాచెల్లెళ్ళని నాలుగు రాత్రులు తన పూజ గది పక్కన పడుకోబెట్టింది, నేను పెట్టిందల్లా తిన్నాను, అది దేవుడి గదిలోంచి వచ్చిందో పొయ్యి మీద నుంచి వచ్చిందో అడగలేదు.

గుణుపూర్_పెద్దాయన:
అడగలేదు, అదే కదమ్మా. చెప్పకపోతే తినొచ్చు, చెప్తే తినకూడదు. పాయింట్ అదొక్కటే. నాగావళీ, ఆవిడ భోగ్ అందా, పిఠా అందా?

నాగావళి_గట్టు:
పిఠా అనే అంది అనుకుంటా.

గుణుపూర్_పెద్దాయన:
అనుకుంటా అంటే కుదరదు. భోగ్ అంటే అర్పించింది అని అర్థం.

కొరాపుట్_కాఫీ:
మూడో రోజు నుంచి భోగ్, పిఠా, భోగ్, పిఠా. లైన్లో బూతు మింగిన సంగతి ఎవరికీ పట్టలేదు. నాకు అదే తగిలింది, నేనైతే మింగను.

నాగావళి_గట్టు:
అన్నని అడిగాను. "పిఠా ఖాఅ పుఅ", పిఠా తిను నాయనా అందంట. ఈయన "ప్రభు, ధన్యవాద" అని ప్రార్థన చేసి తిన్నాడంట.

గుణుపూర్_పెద్దాయన:
ఓహో. ప్రార్థన కూడా ఒడియాలోనే.

మహేంద్రతనయ:
దానికీ దీనికీ ఏం సంబంధం అండి?

గుణుపూర్_పెద్దాయన:
ఉంది. మీ యూత్ మీటింగ్ సగం ఒడియాలో నడుస్తోందని నాకు తెలీదనుకున్నారా. 1936 ఏప్రిల్ 1న ఒడిశాని వేరు చేసి గీత గీస్తే మనం తెలుగోళ్ళం ఇటు ఉండిపోయినాం, బడి పోయింది, ఆఫీసు పోయింది, మిగిలింది మందిరం ఒక్కటి. పోయిన క్రిస్మస్‌కి నా మనవడిని లూకా రెండో అధ్యాయం చదవమన్నారు. పద్నాలుగేళ్ళ గుంటడు. బైబిలు పట్టుకుని "ఆ... ఆ ది" అని ఆగిపోయినాడు, వెనక పిల్లలు నవ్వినారు, వాడు ఫోన్ తీసి ఒడియాలో గడగడా చదివేసినాడు. మీ యూత్ పాస్టర్ చప్పట్లు కొట్టించినాడు! చప్పట్లు! నేను లేచి బయటికొచ్చి చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయినాను.

నాగావళి_గట్టు:
తాతగారూ కోపం తెచ్చుకోకండి. నేను మొబైల్ షాపులో పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఒడియాలోనే మాట్లాడతా. ఛార్జర్ డూప్లికేట్ అయితే ఒరిజినల్ అని అబద్ధం చెప్పేది ఒడియాలోనే. రాత్రి పడుకునే ముందు తెలుగులో "మహా ఘనుడవైన తండ్రీ" అని మొదలెడితే అది మా నాయనమ్మ ప్రార్థన, నాది కాదు. ఆ మీటింగ్‌లో మొదటిసారి ఒడియాలో ఛార్జర్ సంగతి పైకి చెప్పి ఒప్పుకున్నా. మర్నాడు షాపులో నోరు తిరగలేదు, డూప్లికేటే అని చెప్పేసా, ఓనరు తిట్టాడు.

కొరాపుట్_కాఫీ:
బ్రెక్లుం మిషన్ వాళ్ళు 1882లో జర్మనీ నుంచి ఈ కొండల్లోకి వచ్చి ఇక్కడి భాషలు నేర్చుకునే చెప్పారు, మాకు జర్మన్ నేర్పలేదు. తాతగారి మనవడికి వచ్చిన భాషలో వాడు చదివాడు. అంతే కదా.

గుణుపూర్_పెద్దాయన:
దొరలు వచ్చినారు, నేర్చుకున్నారు, వెళ్ళిపోయినారు. నేను వెళ్ళను కదా. నేను పోయిన రోజు పెట్టె దగ్గర మా అమ్మ పాడిన కీర్తన పాడేవాడు ఈ ఊళ్ళో ఉంటాడా అని నా బాధ. ఛార్జర్ విషయం మంచి పని చేసావు బాబూ, అది కాదనను.

మహేంద్రతనయ:
అది మొదటే చెప్పొచ్చు కదా పెద్దాయన గారూ, పాపం ఆ మౌసీని మధ్యలోకి లాగి వారం రోజులు ఆడించాం. మనవడికి శనివారాలు మీరే ఆ కీర్తన నేర్పండి, అక్షరాలు తర్వాత, ముందు పాట వస్తుంది, మా పిల్లలకి అలాగే వచ్చింది.

గుణుపూర్_పెద్దాయన:
వాడికి శనివారం క్రికెట్.

తెలుగు_కుర్రోడు_77:
నువ్వుల సంగతి ఇంకా తేలలేదు.

గుణుపూర్_పెద్దాయన:
ఆదివారం సాయంత్రం చూస్తాను. కానీ 10:28కి మాత్రం ఇక్కడ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

మహేంద్రతనయ:
29 చదవండి.