మార్కులు తీసేస్తే ఎవరైనా చదువుతారా?

సుద్దముక్క:
డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెబుతాను. ఒక సూత్రం ఎలా వచ్చిందో బోర్డు మీద రాబట్టి చూపిస్తూ ఉంటే వెనక బెంచీ నుంచి ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఇది పరీక్షకు వస్తుందా సార్?" రాదంటే కలాలు కింద పడతాయి. వస్తుందంటే నోట్సులోకి ఎక్కుతుంది, బుర్రలోకి ఎక్కుతుందన్న హామీ మాత్రం లేదు. మార్కులు, ర్యాంకులు ఉన్నంతకాలం పిల్లలకు చదువు మీద ఇష్టం పుట్టదని మా సహోద్యోగులు కొందరి వాదన. నాకు నమ్మకం కుదరడం లేదు. మార్కులు ఎత్తేస్తే రేపు నా తరగతిలో ఎందరు మిగులుతారు? మొహమాటం లేకుండా చెప్పండి.

పెరటిచెట్టు:
మీ సహోద్యోగుల మాటే నిజం. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేస్తే బహుమతి పత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత రంగు పెన్నులు ఊరికే ముందు పెట్టి చూశారు. బహుమతి కోసం వేసిన పిల్లలు మిగతావారిలో సగం సమయమే బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసేదాన్ని కూలి పనిగా మార్చేస్తే జరిగేది అదే. పన్నెండేళ్లు అలా మార్చి, ఆ తర్వాత "వీళ్లకు ఆసక్తి లేదు" అని నిట్టూర్చడం మన పెద్దల అలవాటు. తల్లిగా నేనూ ఆ పెద్దల్లో ఒకదాన్నే కాబట్టి మొహమాటం లేకుండానే అంటున్నాను.

లెక్కల పంతులు:
పెరటిచెట్టు గారూ, ఆ ప్రయోగంలో ఒక కీలకాన్ని వదిలేశారు. అందులోకి తీసుకున్నది అప్పటికే బొమ్మలంటే ఇష్టం ఉన్న పిల్లలను. ఉన్న ఇష్టాన్ని బహుమతి పాడుచేస్తుందని దాని వల్ల తెలిసింది, సరే. భిన్నాలంటే ముందే ఇష్టమున్న ఏడో తరగతి పిల్లవాడిని నాకు ఒక్కడిని చూపించండి. లేని ఇష్టం పాడవదు. దాన్ని పుట్టించడం ఎలాగన్నదే బడి ముందున్న ప్రశ్న, దానికి ఆ ప్రయోగం జవాబు చెప్పదు.

త్రాసు:
డబ్బిచ్చి చూసినవారూ ఉన్నారు. అమెరికా ఆర్థికవేత్త రోలండ్ ఫ్రయర్ కొన్ని నగరాల బడుల్లో చేసిన పెద్ద ప్రయోగాల ఫలితాలు 2011లో వచ్చాయి. న్యూయార్క్‌లో పరీక్షలో మంచి మార్కులకు డబ్బిచ్చారు. ఫలితం దాదాపు శూన్యం. డాలస్‌లో రెండో తరగతి పిల్లలకు చదివిన ప్రతి పుస్తకానికీ 2 డాలర్లు ఇచ్చారు, చిన్న క్విజ్ పెట్టి నిజంగా చదివారో లేదో చూసుకున్నారు. అక్కడ చదివి అర్థం చేసుకునే శక్తి మెరుగుపడింది.

తేడా ఎందుకు? ఇంకా ఎక్కువ డబ్బు రావాలంటే ఏం చేస్తావని మార్కుల గుంపును అడిగితే, ప్రశ్నను జాగ్రత్తగా చదువుతాం, రాసింది మళ్లీ సరిచూసుకుంటాం అన్నారట. పాఠం చదువుతాం, టీచర్‌ను అడుగుతాం అన్న మాటే లేదు. వాళ్లకు కోరిక లేక కాదు. ఆ కోరిక తీరే దారి తెలియలేదు. "బాగా చదువు" అని రోజుకు పదిసార్లు చెప్పే ఇళ్లన్నీ ఈ ఒక్క ఫలితాన్ని గోడకు అంటించుకోవాలి.

నిద్రలేని రాత్రి:
విశ్వవిద్యాలయంలో రెండో సంవత్సరం. మీరందరూ మా గురించే మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఒక మాట. భయం పనిచేస్తుంది. పరీక్ష ముందు రాత్రి పనిచేసినట్టు మరేదీ పనిచేయదు. పై వారానికి అందులో ఏమీ మిగలదు, అది వేరే సంగతి.

సుద్దముక్క గారూ, మీ ఒక్కరి సబ్జెక్టులోనే మార్కులు తీసేస్తే మేం మీ పుస్తకం ముట్టుకోం. ద్వేషంతో కాదు. మిగతా ఐదు సబ్జెక్టులకు మార్కులు ఉంటాయి కదా, ఉన్న గంటలన్నీ వాటికే పోతాయి. తీస్తే అందరూ కలిసి తీయాలి, లేకపోతే మంచి మనసున్న మాస్టారే నష్టపోతారు.

పెరటిచెట్టు:
లెక్కల పంతులు గారూ, లేని ఇష్టం ఎలా పుడుతుందన్న దానికి డెసీ, రయాన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఎప్పుడో జవాబిచ్చారు. మనిషికి మూడు కావాలి: తన పని మీద తనకు కాస్త అధికారం, చేయగలనన్న నమ్మకం, తనవాళ్లు అనిపించే మనుషులు. బడి మొదటిదాన్ని గేటు దగ్గరే లాక్కుంటుంది. ఏం చదవాలో, ఎప్పుడు, ఎంతసేపు, ఎవరి పక్కన కూర్చుని చదవాలో, అన్నీ వేరేవాళ్లు చెబుతారు.

లెక్కల పంతులు:
మూడింటిలో నా ఓటు రెండోదానికి. తక్కినవి దాని వెనకే వస్తాయి.

నా తరగతిలో ఒక అబ్బాయి 1/2, 1/3 కలిపి 2/5 రాశాడు. పైవి పైకి, కిందివి కిందికి. ఏళ్ల తరబడి తప్పు గుర్తు పడ్డ నోట్‌బుక్కు. తప్పని చెప్పలేదు. కాగితపు పట్టీ ఇచ్చి సగం మడవమన్నాను, మడిచాడు. ఐదు భాగాల్లో రెండు తీసుకుంటే సగం కంటే ఎక్కువా తక్కువా అన్నాను. కాసేపు చూసి తక్కువ అన్నాడు. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిందా?" అన్నాను. వాడికి నవ్వాగలేదు. తర్వాత పట్టీని ఆరు మడతలు వేసింది వాడే, మూడూ రెండూ కలిపి 5/6 అన్నది వాడే. గంట కొట్టాక నా బల్ల దగ్గరికి వచ్చి ఇంకోటి ఇవ్వమన్నాడు.

ఆ రోజు వాడికి బహుమతి లేదు, స్వేచ్ఛా లేదు, లెక్క నేనిచ్చిందే. వచ్చింది, అంతే. వస్తే ఆసక్తి పుడుతుంది. కెనడాలో ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా పిల్లలను గమనించి 2016లో వెలువరించిన అధ్యయనం కూడా గణితంలో ఇదే చెప్పింది: బాగా చేయడం తర్వాతి ఆసక్తిని పెంచింది కానీ, ముందున్న ఆసక్తి తర్వాతి ఫలితాన్ని పెంచినట్టు కనిపించలేదు. మనం వరస తిరగేసి, ముందు ఉత్సాహం నింపాలని ప్రేరణ ఉపన్యాసాలు పెట్టిస్తున్నాం. చప్పట్లు మోగుతాయి, మర్నాడు భిన్నాలు భిన్నాల్లాగే ఉంటాయి.

త్రాసు:
ఉపన్యాసాల మాట వచ్చింది కాబట్టి: తెలివి పుట్టుకతో ఆగిపోదు, కృషితో పెరుగుతుందని గంటలోపే పూర్తయ్యే ఆన్‌లైన్ పాఠంగా అమెరికాలో తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పి చూశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. చదువులో వెనకబడిన పిల్లల సగటు గ్రేడు 0.1 పాయింట్ పెరిగింది. పెట్టిన ఖర్చుకు అది తక్కువేమీ కాదు, మహిమ అంతకంటే కాదు.

నిద్రలేని రాత్రి:
పంతులు గారి మాట చిన్న తరగతులకు సరే. నాకు కలన గణితం వచ్చు, మంచి మార్కులే వచ్చాయి. అయినా ఆ పుస్తకం మళ్లీ తెరవాలనిపించలేదు. వచ్చినంత మాత్రాన ఇష్టం పుడితే టాపర్లందరూ చదువును ప్రేమించాలి. వాళ్లను దగ్గర నుంచి చూసినవాణ్ని.

నాకు పట్టిన సబ్జెక్టు వేరు. ఎవరికి నచ్చిన లెక్కలు వాళ్లు సేకరించుకోమన్నారు. మా హాస్టల్లో బట్టలు ఉతికే యంత్రం ముందు ఎవరు ఎంతసేపు కాచుకున్నారో నేను రాసుకున్నాను. సగటు ఎందుకు మోసం చేస్తుందో ఆ పట్టికలో తెలిసింది: ఒక్కడు నాలుగు బక్కెట్లు తెస్తే అందరి సగటూ తలకిందులు. అది పరీక్షకు వస్తుందా అని నేను అడగలేదు.

పెరటిచెట్టు:
అదే నేనన్న అధికారం!

లెక్కల పంతులు:
సగటు ముందే వచ్చినవాడికే ఆ పట్టిక మోసం కనిపిస్తుంది. రానివాడికి అది బక్కెట్ల జాబితా.

సుద్దముక్క:
ఇద్దరూ కొట్టుకోకండి. ఒకటి అడుగుతాను. పరీక్షలు ఉంచి మార్కులు మాత్రం తీయడం కుదరదా?

త్రాసు:
కుదరాలి. అవి రెండూ ఒకటి కావు. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు 2006లో చూపించారు: చదివిందే మళ్లీ చదివినవారి కంటే, పుస్తకం మూసి గుర్తున్నది రాసినవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. నేర్చుకోవడం గుర్తు చేసుకోవడంలోనే ఉంది, అంకె వేయడంలో లేదు. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ఐదు, ఆరు తరగతుల పిల్లలతో చేసిన పరిశోధన ఇంకా ఘాటు. కొందరికి మార్కు, కొందరికి వ్యాఖ్య, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందినవారిలో ఆసక్తి నిలిచింది. రెండూ ఇస్తే మార్కు వ్యాఖ్యను మింగేసింది.

సుద్దముక్క:
అయితే వచ్చే సెమిస్టర్‌లో మొదటి రెండు అసైన్‌మెంట్లకు వ్యాఖ్య మాత్రమే రాస్తాను, మార్కు చివర్లో. నా తరగతిలో 120 మంది. కాగితానికి ఐదు నిమిషాలు వేసుకున్నా ఒక్కో అసైన్‌మెంటుకు పది గంటలు. ఆ పది గంటలు ఎవరిస్తారు?

నిద్రలేని రాత్రి:
అందరివీ మీరే రాయనక్కర్లేదు. తప్పు ఎక్కడ మొదలైందో ఆ వరస కింద ఒక గీత గీసి ఇవ్వండి. ఎందుకు తప్పో మేమే రాసి తెస్తాం.

లెక్కల పంతులు:
గీత సరే. రాసి తేనివాళ్లను ఏం చేస్తారు?